ఎడమ జబ్బ మీద నా కొలువు

నేను ఒక టేపుని. టేపు అనగానే మీ చూపు దర్జీ మెడ మీదికి పోతుందని నాకు తెలుసు. మావాళ్ళు చాలామంది అక్కడే వేలాడుతున్నారు, కాదనను. పెళ్ళివారి జాకెట్లకూ లాల్చీలకూ కొలతలు తీస్తూ వాళ్ళు కులాసాగా బతికారు. నేను మాత్రం ఆసుపత్రి పాలయ్యాను. రోగంతో కాదు లెండి, ఉద్యోగంతో. మనిషి ఎడమ జబ్బ చుట్టూ ఒక్కసారి తిరిగి, లోపల కండ ఎంత మిగిలిందో చెప్పడం నా పని.

నన్ను గాజుపీచుతో నేసి, తెల్లటి పూత పూసి, దాని మీద నల్లటి అంకెలు అచ్చువేశారు. గుడ్డ టేపులు కొన్నేళ్ళకు సాగిపోతాయి. నేను సాగను. ఈ గుణం మనుషుల్లో ఉంటే మొండితనమంటారు, నాలో ఉంటే నాణ్యమంటారు. లోకం తీరు అంతే.

నన్ను కొన్నది మాణిక్యాంబ గారు. అప్పటికి ఆవిడ ఇంకా పోషకాహారం చదువుకుంటున్న పిల్ల. కొట్లో నన్ను విప్పి, సంచిలోంచి స్టీలు స్కేలు తీసి, దాని పక్కన నన్ను పరిచి, మొదటినుంచి చివరిదాకా సరిచూసుకుంది.

"బంగారం బేరమాడుతున్నావా అమ్మా?" అన్నాడు కొట్టాయన.

"బంగారం తగ్గితే ఎవరూ చచ్చిపోరు కదండీ" అంది ఆ పిల్ల.

నాకు ఆవిడంటే గౌరవం పుట్టింది అప్పుడే.

చదువయ్యాక ఆవిడ గోదావరి పక్కనున్న ఒక ఊళ్ళో పెద్దాసుపత్రిలో డైటీషియనుగా చేరారు. రోగులకు ఆ పేరు నోరు తిరక్క 'తిండి డాక్టరమ్మ' అని పిలిచేవారు. ఆవిడ జబ్బ కొలిచే తీరు చూసి తీరాలి. రోగి మోచేతిని మడిపించి, భుజం ఎముక కొన దగ్గర్నుంచి మోచేతి మొనదాకా నన్ను పరిచి, సరిగ్గా నడుమ పెన్నుతో చుక్క పెట్టేవారు. తర్వాత చెయ్యి వదులుగా వేలాడెయ్యమని, ఆ చుక్క మీదుగా నన్ను చుట్టేవారు. బిగిస్తే కండ నొక్కుకుపోయి కొలత తగ్గుతుంది, వదులైతే లేని కండ ఉన్నట్టు చూపిస్తుంది. చంటిబిడ్డకు మొలతాడు కట్టినట్టు కట్టాలి అనేవారు. ఆ కాసేపట్లోనే రోగితో కబుర్లు కూడా అయిపోయేవి. ఏం వండారు, ఎవరు వండారు, ఆకలేస్తోందా, మింగుడు పడుతోందా అని. ఊరినుంచి వచ్చిన అక్క అడుగుతున్నట్టుండేది తప్ప, పరీక్ష చేస్తున్నట్టు ఉండేది కాదు.

కొన్నాళ్ళకు ఆవిడ దగ్గరికి శిక్షణ కోసం పిల్లలు రావడం మొదలైంది. కొత్త జట్టు రాగానే ముందు నన్ను వాళ్ళ చేతిలో పెట్టేవారు. ఆ చేతుల్లో నేను పడని పాట్లు లేవు. ఒకమ్మాయి మొదట తన నడుం కొలుచుకుని, అంకె నచ్చక, తప్పు నాదేనని తేల్చింది. ఇంకొకతను నన్ను బీపీ పట్టీలా బిగించి ముసలాయన చేత కేక పెట్టించాడు. అయినా రెండు నెలలు తిరిగేసరికి అందరి వేళ్ళకూ మెత్తదనం వచ్చేది. పరీక్షల్లో మార్కులు తెచ్చుకున్న వేళ్ళు మనిషి ఒంటి దగ్గరికొచ్చి మర్యాద నేర్చుకోవడం నాకు ముచ్చటగా ఉండేది.

అలా వచ్చినదే దీవెన. లెక్కలో దిట్ట. ఎవరికి ఎంత మాంసకృత్తులు కావాలో కాగితం లేకుండా చెప్పేది. నాకు నచ్చనిదల్లా ఒక్కటే, ఆ పిల్లకు నా కంటే వార్డులోని కుర్చీ త్రాసు మీద గురి ఎక్కువ. నిలబడలేని రోగుల్ని కూర్చోబెట్టి తూచే యంత్రం అది. ఎర్రటి అంకెలు మెరిపిస్తూ తెగ గొప్పలు పోయేది.

ఆ రోజుల్లోనే సూరిబాబును తీసుకొచ్చారు. కోనసీమలో కొబ్బరికాయలు దింపే మనిషి. చెట్టు మీంచి పడి, కుడికాలు మోకాలి కింద నలిగి, చర్మం ఊడిపోయి పెద్ద పుండు పడింది. సర్జన్ గారు దీవెనతో ఒక్కటే మాట చెప్పారు. "తొడ మీంచి చర్మం తీసి అక్కడ అతికించాలి. ఒంట్లో సత్తువ లేకపోతే అతుకు పట్టదు. పుండు ఇలాగే ఉండిపోతే కాలు తీసెయ్యక తప్పదు. నీ తిండి ఎంత బాగా పనిచేస్తే నా కత్తి అంత బాగా పనిచేస్తుంది."

చెట్లెక్కి బతికేవాడికి కాలు పోతే ఏమవుతుందో నేను విడమరచి చెప్పక్కర్లేదు. సూరిబాబు భార్య నూకరత్నం ఆ మాట విని ఆ మంచం పక్కనుంచి ఇక కదల్లేదు.

దీవెన నడుం కట్టింది. వంటశాలకు వెళ్ళి సూరిబాబు కంచంలోకి గుడ్లు, గట్టి పప్పు, పెరుగు ప్రత్యేకంగా రాయించింది. ప్రతి పూటా కంచం అద్దంలా ఖాళీ అయి వెనక్కొచ్చేది. అంతా తిన్నాడని లెక్క కట్టుకునేది. కొద్ది రోజుల్లో కుర్చీ త్రాసులో అంకె పెరిగింది. ఆ పిల్ల మొహం చాటంత చేసుకుని వార్డంతా తిరిగింది.

ఆ మర్నాడు నన్ను సూరిబాబు జబ్బకు చుట్టింది. కొబ్బరిచెట్టు బోదెను వాటేసుకుని పైకి పాకిన జబ్బ అది. మొదటిసారి చుట్టినప్పటికంటే సన్నబడింది. దీవెన నమ్మలేదు. పక్క మంచం మీద కుడిచెయ్యి విరిగి పడుకున్న తాతారావు గారి ఎడమ జబ్బ కూడా కొలిచింది. తనకు చెయ్యి తిరగాలని ఆయన్ని వచ్చిన రోజునే ఒకసారి కొలిచి పెట్టుకుంది. ఆయన జబ్బ కాస్త పెరిగింది! మళ్ళీ కొలిచింది. మళ్ళీ అంతే. నేరుగా మాణిక్యాంబ గారి దగ్గరికి పరుగెత్తింది.

"మేడం, ఈ టేపు పాతదైపోయిందండీ. సాగిపోయినట్టుంది."

సాగడం! నేను! ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మాణిక్యాంబ గారు నవ్వారు. "టేపు సాగితే ఇద్దరికీ కొలత తగ్గాలి కదమ్మా. ఒకరికి తగ్గి ఒకరికి ఎలా పెరిగింది?"

మాణిక్యాంబ గారు లేచి సూరిబాబు మంచం దగ్గరికి వచ్చి, దెబ్బ తగలని కాలికి మోకాలి కింద, ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీశారు. అక్కడ గుంట పడింది. పూడలేదు.

"వాపు చూసి బలుపనుకున్నావు తల్లీ" అన్నారు వరండాలోకి వచ్చాక. "పుండుతో అలిసిపోయి, మాంసకృత్తులు చాలని ఒంట్లో నీరు నిలిచిపోయింది. నీ కుర్చీ తూచింది ఆ నీటిని. కండ కరిగిపోతోందని టేపు చెబుతూనే ఉంది."

"కానీ కంచం ఖాళీగా వస్తోంది కదండీ?"

"కంచం ఖాళీ అయింది, నిజమే. ఎవరి కడుపులోకి ఖాళీ అయిందో చూశావా? రేపు భోజనాల వేళ వెళ్ళి కూర్చో. ఏమీ రాయకు. ఊరికే కూర్చో."

మర్నాడు మధ్యాహ్నం దీవెన వార్డు మూల బల్ల మీద కూర్చుంది. నేను ఆమె తెల్లకోటు జేబులో, సగం బయటికి వేలాడుతూ ఉన్నాను. కంచం వచ్చింది. నూకరత్నం అటూ ఇటూ చూసి, గుడ్డూ పప్పూ పెరుగూ ఎత్తి తాతారావు గారి కంచంలో పెట్టేసింది. "రోజూ ఎందుకమ్మా" అంటూనే ఆయన కంచం ముందుకు జరుపుకున్నారు. సూరిబాబుకు మాత్రం అన్నంలో చారు పోసి, పిసికి, ముద్దలు చేసి ప్రేమగా తినిపించింది. తాతారావు గారి జబ్బ ఎందుకు పెరిగిందో ఇప్పుడు మీకూ తెలిసింది కదా!

దీవెన దిగ్గున లేచింది. "ఏం చేస్తున్నారు మీరు? ఆయన కాలు తీసేస్తారు, తెలుసా?"

నూకరత్నం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నన్నేం సెయ్యమంటారండీ? పచ్చిపుండు మీద గుడ్డూ పప్పూ పెడితే సీము పట్టదాండీ? మా తమ్ముడికి కాల్లో మేకు దిగితే పథ్యం లేకుండా అన్నీ పెట్టేశారు. సీము పట్టి పోయాడండీ, పాతికేళ్ళోడు. ఈయన్ని కూడా నా సేత్తోనే సంపుకోమంటారా?"

"దాన్నేం అనకండి మేడంగారూ" అన్నాడు సూరిబాబు. "గుడ్డు తినాలని నాకూ ఉంటదండి. కానీ అది భయపడతా పెడితే నాకు గొంతు దిగదు."

దీవెన నోట్లో చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయని నాకు తెలుసు. పప్పుకూ చీముకూ సంబంధం లేదని పాఠం చెప్పొచ్చు. చెప్పలేదు. నెమ్మదిగా మంచం పక్కన నేల మీద, నూకరత్నం ఎదురుగా కూర్చుంది. నేను ఎంతోమంది పిల్లల్ని చూశాను. తిట్టడానికి లేచి, కూర్చోవడం తెలిసినవాళ్ళను కొద్దిమందినే చూశాను. ఆ పిల్ల మీద నాకున్న కోపమంతా ఎగిరిపోయింది.

తర్వాత జేబులోంచి నన్ను తీసి నూకరత్నం చేతిలో పెట్టింది. "అక్కా, మీరే కొలవండి. మీకు తెలిసినంతగా ఆ చెయ్యి నాకు తెలీదు."

నూకరత్నం చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను భర్త జబ్బకు చుట్టింది. "ఈ జబ్బ నా రెండు సేతుల్లో ఇమిడేది కాదండీ" అంది. "దుప్పటి కప్పుకుని ఉంటే తెలవలేదు. మొకం నిండుగా ఉంటే బానే ఉన్నాడనుకున్నా." అని మెడలో పసుపుతాడును బొటనవేలితో రుద్ది, జబ్బ ఎక్కడిదాకా వచ్చిందో సరిగ్గా అక్కడ నా మీద ఒత్తింది. "ఇదుగో, ఇక్కడిదాకా దిగజారిపోయాడు మా ఆయన."

అప్పుడు దీవెన అడిగిన ప్రశ్న, నా కొలువంతటిలో నేను విన్న ప్రశ్నల్లోకెల్లా గొప్పది. "అక్కా, మరి మీ పథ్యంలో ఏం పెడతారు?"

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "కొరమేను పెడతామండీ. పుండు మానుద్దంటారు. కారం లేకుండా పల్చగా పులుసు. పాలసొర దొరికితే ఉడకబెట్టి, ముల్లు తీసి పిట్టు సేత్తాం. బాలింతలకి కూడా అదే కదండీ."

దీవెన పెదవులు లోపల్లోపల కదిలాయి. లెక్క కట్టుకుంటోంది. గుడ్డులో, పప్పులో ఏముందో అంతా ఆ చేపలో ఉంది. "మరి ఇన్నాళ్ళూ పెట్టలేదేం అక్కా?"

"ఆసుపత్రోళ్ళు సేపలు ఒద్దంటారేమోనని అడగలేదండీ!"

దీవెన ఫక్కున నవ్వింది. నూకరత్నానికీ ఏడుపులోంచి నవ్వొచ్చింది. చూడండి మనుషుల తమాషా. ఆవిడ పథ్యానికి ఈవిడ భయపడుతుంది, ఈవిడ నియమాలకు ఆవిడ భయపడుతుంది. మధ్యలో కడుపు మాడేది మంచం మీదివాడికి.

మర్నాటినుంచి సూరిబాబు తమ్ముడు ఊరినుంచి క్యారియర్ మోసుకొచ్చేవాడు. నూకరత్నం ఒక్కొక్క ముల్లూ తీసి తినిపించేది. దీవెన రెండు పూటలా వచ్చి ఎదురుగా కూర్చునేది. "నా గుడ్డేమైందమ్మా?" అని తాతారావు గారు మూడు పూటలూ ఆరా తీసేవారు. మొదట్లో కుర్చీ త్రాసు అంకె తగ్గిపోయింది, ఒంట్లో నీరు దిగిపోతోంది మరి. ఆ త్రాసు ఎర్రగా మెరుస్తూ ఎంత బెదిరించినా దీవెన బెదరలేదు, నన్ను తీసి సూరిబాబు జబ్బకు చుట్టేది. నేను రోజూ ఒక మెట్టు ఎక్కానని చెప్పను. కండ అంత తొందరగా రాదు. కిందికి జారడం మాత్రం ఆగిపోయింది. పుండులో ఎర్రటి కొత్త కండ తేలింది. చీము పట్టలేదు. అది కళ్ళారా చూసిన రోజు నూకరత్నం తనంతట తానే ఒక గుడ్డు ఒలిచి, దణ్ణం పెట్టుకుని, భర్త నోట్లో పెట్టింది.

సర్జన్ గారు చర్మం అతికించారు. కట్టు విప్పే రోజున దీవెన గోడవైపు తిరిగి నిలబడి నన్ను వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. "పట్టింది" అన్నారాయన. నా మీద ఆ పిల్ల కన్నీటి చుక్క ఒకటి పడింది.

వానలు వెనకబట్టాక సూరిబాబు తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు. మాటా మంచీ కాకుండానే ఎడమ చొక్కాచెయ్యి పైకి మడిచాడు. "మా ఆవిడే కొలుత్తదంటండీ" అన్నాడు సిగ్గుపడుతూ. నూకరత్నం నన్ను చుట్టింది. నేను పసుపు మరకను దాటి, ఆవిడ బొటనవేలి మందాన ముందుకు పోయాను. ఆవిడ నన్ను విప్పి చేతిలోకి తీసుకుంది. నన్ను కళ్ళకద్దుకుంది. మనుషులు ప్రసాదాన్ని కళ్ళకద్దుకుంటారు, అన్నాన్ని అద్దుకుంటారు. ఒక టేపుకు ఆ గౌరవం దక్కుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు నాకు పని లేదు. వేళ్ళు పట్టుకుని పట్టుకుని నా అంకెలు చెరిగిపోయాయి. అవీ సన్నటి జబ్బలు వచ్చేచోటే ముందు చెరిగాయి, పావు వంతు మనిషిగా మిగిలినవాళ్ళనే ఎక్కువ కొలిచాను కాబట్టి. మాణిక్యాంబ గారు రిటైరయ్యారు. ఆవిడ కుర్చీలో దీవెన కూర్చుంటోంది. నన్ను పారెయ్యలేదు. పాఠం చెప్పే గదిలో సొరుగులో ఉంటాను, కొత్త జట్టు వచ్చినప్పుడు బయటికొస్తాను. పిల్లలకు తలా ఒక కొత్త టేపు ఇస్తుంది, ముందు మాత్రం నన్నే పట్టుకోమంటుంది. సొరుగులో చీకటిగా ఉన్నా నాకేం దిగులు లేదు. నన్ను పట్టుకున్న చేతులు మంచివి.

ఈమధ్య వచ్చిన జట్టులో ఒకమ్మాయి నన్ను వెలుగులోకి ఎత్తి చూసి, "మేడం, ఇక్కడేదో పసుపు మరకుందండీ. స్పిరిట్‌తో తుడిచేస్తాను" అంటూ దూది అందుకుంది.

దీవెన చటుక్కున ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "అది తుడవకమ్మా. మంచం పక్కన కూర్చోవడం నాకు నేర్పినావిడ వేలిముద్ర అది."

తర్వాత గోడ గడియారం చూసి లేచింది. "పుస్తకాలు ఇక్కడే పెట్టేసి రండి" అంది. "వార్డులో భోజనాల వేళయింది."