నౌపడలో ఎక్కిన ఛార్జింగ్

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులోని గదిలో కూర్చుని, నౌపడ ఉప్పు కంపెనీ ఆఫీసులో ఉన్న లినక్స్ సర్వర్ కంప్యూటర్‌కి ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవడం ప్రిస్కిల్లా ఉద్యోగం. ఇక్కడ నాలుగు అక్షరాలు కొడితే చాలు. ఎన్నాళ్లుగా మేలుకుని ఉందో, ఎంత వేడెక్కిందో, దానికి ఏమేమి తగిలించారో అంతా కక్కేస్తుంది.

తగిలించిన వాటిలో ఆమె మేనమామ డేవిడ్‌రాజు ఫోను ఎప్పుడూ ఉండేది. ఆ ఆఫీసుకి కాపలా ఆయనే. ఛార్జింగ్ పెట్టడానికి లోకంలో ఆయనకి ఇంకో కన్నం దొరకలేదు మరి!

"మావా, అది సర్వరు! నీ ఫోను తీసీ!" అని ఫోన్లోనే కేకలేసేది.

"ఊరికే కూకున్నాది గదే. కూసింత నాకు పోస్తే ఏటైపోద్ది?"

తుపాను వచ్చింది. నౌపడ వైపు టవర్లు కూలాయి, రైళ్లు ఆగాయి. నౌపడ సర్వర్ మాత్రం మేడ మీది శాటిలైట్ డిష్‌తో, బ్యాటరీతో బతికే ఉంది. మావ ఉన్నాడో లేడో అడగడానికి ఆమెకి అదొక్కటే దిక్కు. అడిగింది. ఫోను లేదు. మళ్లీ అడిగింది. లేదు. తిట్టి తిట్టి తీయించిన ఫోను కోసం ఇప్పుడు మోకాళ్ల మీద ప్రార్థన చేసింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. మావే! బయట కుండపోత. ఆయన లుంగీ మాత్రం పొడిగా ఉంది.

"రైళ్లు లేవు, రోడ్డు లేదు. ఎలగొచ్చినావు మావా?"

"నీల్ల మీద నడిసొచ్చీసినాను. బైబిల్లో పేతురు బాబు ములిగిపోబోనాడు గానీ, నా లుంగీ అంచు తడిసిందేటి, సూడు!"

ఏడుస్తూనే నవ్వేసింది. ఉప్పుమడిలో పీత తన బీడీ అంటించిందని ఒట్టేసి చెప్పే మనిషాయె.

ఆయన నడిచిన మేర గచ్చు మీద తెల్లటి పాదాలు పడ్డాయి. వేలితో తీసి నాలుకకి రాసుకుంది. ఉప్పు.

"సార్జింగైపోనాదే. నీ కంప్యూటర్‌కి ఎట్టుకోనా?" అన్నాడు. ఆయన అడిగి పెట్టడం అదే మొదలు.

"ఎట్టుకో మావా."

వంగి తగిలించాడు. ఆమె కంప్యూటర్ ఉలకలేదు, పలకలేదు. తెర మీద తెరిచి ఉన్న నౌపడ సర్వర్ మాత్రం కొత్త వరస రాసింది: డేవిడ్‌రాజు ఫోను తగిలించారు.

ఆమె ఆ వరసని మళ్లీ చదివింది.

"ఎక్కతందేటే?" వెనకనుంచి మావ గొంతు.

"ఎక్కతంది మావా," అంది, వెనక్కి తిరక్కుండా.

నౌపడ బ్యాటరీ అడుగంటుతోందని తెర హెచ్చరించింది. ఆ ఫోను తీసేస్తే సర్వర్ ఇంకాసేపు బతుకుతుంది.

ప్రిస్కిల్లా తీసీమనలేదు.