బూచాడి చెవి

నిబ్బును గ్లాసులో జాడించి, పాతబట్టతో తుడిచి, ఆమె పన్నెండో బూచాణ్ణి మొదలుపెట్టింది. పదకొండుమంది కుర్చీ పక్కన చెత్తబుట్టలో ఉన్నారు. అందర్నీ కాదన్నది అత్తయ్యే.

"కోరలు పెడితే బూచాడైపోతాడా? జలుబు చేసిన పులిలా ఉన్నాడు" అంది పొద్దున్న. మంచం పట్టి నాలుగు నెలలైనా ఆవిడ నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఆమె పని ముఖాలు గీయడం. పెళ్ళిజంటలు, ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు, పోయినవాళ్ళ పాత ఫొటోలు. ముందు కాగితం మీద సిరాతో గీసి, తర్వాత టాబ్లెట్‌లోకి ఎక్కించి రంగులు వేస్తుంది. ఎన్ని గోడలకు ఎక్కినా ఏ బొమ్మ మీదా ఆమె పేరు లేదు. ఇప్పుడు బొమ్మలు వేస్తున్న జానపద కథల పుస్తకం అట్ట మీదే మొదటిసారి ఉండబోతోంది. రాక్షసులు, దయ్యాలు పూర్తయ్యాయి. బూచాడొక్కడే మిగిలాడు. సాయంత్రంలోగా అందకపోతే పుస్తకం ఇంకొకరి చేతికి వెళ్ళిపోతుంది.

చిక్కల్లా ఒకటే. బూచాడొస్తాడని ప్రతి తల్లీ అంటుంది. ఎలా ఉంటాడో ఎవరూ చెప్పరు. అయిదుగురు పిల్లల్ని ఆ పేరుతోనే అన్నం తినిపించి పెంచిన అత్తయ్యను మించి తెలిసినవాళ్ళెవరు?

"వాడు చెడ్డవాడు కాదమ్మాయ్" అంది అత్తయ్య పక్క గదిలోంచి. "పిలిచినప్పుడల్లా వచ్చాడు. ఒక్కణ్ణీ ఎత్తుకుపోలేదు."

ఆమె చెయ్యి ఆగింది. మనుషుల్ని గీసేటప్పుడు ఎప్పుడూ చెవితోనే మొదలుపెడుతుంది. ముఖం నటిస్తుంది, చెవి నటించదు. మరి బూచాళ్ళందర్నీ కోరలతో ఎందుకు మొదలుపెట్టినట్టు?

ఈసారి చెవి గీసింది. ఎవరు పిలుస్తారా అని తలుపులకు ఆనించి ఆనించి అణిగిపోయిన చెవి. రెండోది చేటంత. వాటి మధ్య ముఖం తనంతట తానే వచ్చి కూర్చుంది. బొమ్మ గీయించుకోవడానికి మొదటిసారి వచ్చినవాడిలా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో ముడుచుకున్నాడు.

కాగితం తీసుకెళ్ళి చూపించింది. అత్తయ్య కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసింది.

"వీడే! ఇన్నేళ్ళూ జీతం లేకుండా పనిచేశాడే, వీడే!" అణిగిన చెవిని బొటనవేలితో నిమిరింది.

"అయ్యో, తడి ఆరలేదు అత్తయ్యా!"

"నీ సిరా నాకు కొత్తా? ముప్ఫై ఏళ్ళు నీ చీరలకంటిన మరకలు ఉతికిందెవరు? పంపించెయ్. నీ పేరు మాత్రం పెద్దక్షరాలతో వేయించు. చదువు రానివాళ్ళకి కూడా కనబడాలి."

టాబ్లెట్‌లోకి ఎక్కించాక తెర మీద ఆ వేలిముద్ర నల్లగా పెద్దదై కనిపించింది. చెరపడం రెండు క్షణాల పని. ఆమె చుట్టూ రంగులు వేసింది గాని దాన్ని ముట్టుకోలేదు. నాలుగింటికి పంపేసి, టీ పెట్టి, కప్పుతో గదిలోకి వెళ్ళింది.

అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇంకెవరు పిలిచినా లేవని నిద్ర.

చుట్టాలు ఒక్కొక్కరే వస్తుండగా ఫోను మోగింది.

"బొమ్మ బ్రహ్మాండం అమ్మా! అచ్చుకు ఇచ్చేస్తున్నాను" అన్నాడు ప్రచురణకర్త. "చెవి పక్కన మరక తీసేయమంటారా?"

"వద్దండి. మా అత్తయ్య పాస్ చేసిన గుర్తది. ఉండనివ్వండి." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అట్ట మీద నా పేరు పెద్దక్షరాలతో వెయ్యండి."

బల్ల మీద కాగితం ఆరిపోయింది. చెవి పక్కన బొటనవేలి గీతలు ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి.