మూడో కిటికీ వెనక మనిషి

మా ఆయన రేడియోలో పాటలకు అర్థం చెబుతాడు. రాసినవాడే విని ముక్కున వేలేసుకునేంత అర్థం చెబుతాడు. ఆదివారం వచ్చే ఆ కాస్త కార్యక్రమం కోసం శనివారమంతా ఇల్లు పీకి పందిరేస్తాడు. రాసింది ముందు నాకు చదివి వినిపిస్తాడు. నేను సరేనంటేనే అది స్టూడియో గడప తొక్కుతుంది. అందుకే ఈ పాపంలో నా వాటా తక్కువేమీ కాదు.

ఆ వారం ఎంచుకున్నది మా బాబాయి రాసిన పాట. “మూడో కిటికీ మూసే ఉంది, ఎవరిని అడిగేది” అని మొదలవుతుంది. బాబాయికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. రాసి చూపించే ఓపికా లేదు. అవునన్నా కాదన్నా తల ఒకేలా ఆడిస్తాడు. ఇక ఆయన్ని అడిగేదేముందని మేం అడగనే లేదు.

మా ఆయన మొదట రాసింది చప్పిడి కూడులా ఉంది. ఒంటరితనమట, లోకం వేసుకున్న తలుపులట. “ఇది ఎవరు వింటారండీ? ఆ కిటికీ వెనక ఓ మనిషిని పెట్టండి” అన్నాను. పెట్టాడు. పెళ్ళికి ముందు బాబాయి మనసిచ్చిన అమ్మాయి, ఆమెకు వేరే పెళ్ళి, మూసుకున్న ఆమె కిటికీ. “ఇంట్లోవాళ్ళం కాబట్టి మాకు తెలిసిన సంగతి” అనే ముక్క మాత్రం అచ్చంగా నాదే. బాబాయి మంచం పక్కన రేడియో పొద్దస్తమానం మోగుతుందని నాకు తెలుసు. పాట గురించే కదా, పిన్ని ఏమనుకుంటుందిలే అనుకున్నాను.

కార్యక్రమం బాగుందని ఎవరెవరో ఫోన్లు చేశారు. మా ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు. నావీ అంతే.

తర్వాత బాబాయిని చూడటానికి ఒక్కదాన్నే వెళ్ళాను. రేడియో బీరువా పైకి ఎక్కి ఉంది, వైరు చుట్టేసి. పిన్ని ఆయనకు జావ తాగిస్తోంది. ఎప్పుడూ ఆ పని చేస్తూ వీధిలో కబుర్లన్నీ ఆయన చెవిలో వేసే మనిషి, ఆ రోజు చెంచా తప్ప ఏమీ కదపడం లేదు. గిన్నె కింద పెట్టాక నా వైపు తిరిగింది.

“ఇన్నేళ్ళూ ఆ పాట నాకే రాశాడనుకున్నానే. ఎవరే ఆ అమ్మాయి?”

నాకు తెలీదు పిన్నీ అన్నాను. అలాంటి అమ్మాయి లేదు అనడానికీ అంతే శ్రమ, కానీ అనలేదు.

ఈలోగా బాబాయి బాగున్న ఎడమ చేత్తో మంచం కమ్మీ మీద తాళం వేశాడు. ఆ పల్లవి తాళమే. తర్వాత వేళ్ళు గాలిలో ఆడించాడు. మళ్ళీ తాళం, మళ్ళీ వేళ్ళు. రేడియోలో విన్నప్పటి నుంచీ ఇదే వరస అంది పిన్ని, ఆ అమ్మాయే కళ్ళముందు ఆడుతోంది కాబోలు అంది. ఆ చేతిని పట్టుకుని దుప్పటి కింద పెట్టి అంచు బిగించేసింది.

ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన నా మీద పడ్డాడు. ఇద్దరికీ గొంతు పోయాక, ఆ పాటకు బాణీ కట్టిన హార్మోనియం మాష్టారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మా మాట విని ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. పాట కట్టడానికి ఆయనకీ బాబాయికీ ఒక పద్ధతి ఉండేదట. ముందు ఈయన హార్మోనియం మీద బాణీ వాయిస్తూ నోటికొచ్చిన మాటలు పెట్టి పాడేవాడు. బాబాయి బల్ల మీద తాళం వేస్తూ విని, ఆ మాటలు తీసేసి తనవి రాసేవాడు.

“ఆ రోజు ఎదురింటికి రంగులేస్తున్నారమ్మా. అన్ని కిటికీలూ తీశారు, మూడోది మూసే ఉంది. కంటికి కనబడింది పాడేశాను. మీ బాబాయి పడీపడీ నవ్వి, ఇంతకంటే బాగా నేను రాయలేను, ఉండనీ అన్నాడు.”

నాకు గాలిలో ఆడిన ఆ వేళ్ళు గుర్తొచ్చాయి. హార్మోనియం. మాష్టారిని అడగమని బాబాయి మొత్తుకుంటున్నాడు. మేం చేసిన వెధవ పనికి ఆయన రోజూ సంజాయిషీ చెప్పుకుంటుంటే, అది కూడా ఆ అమ్మాయి ఖాతాలోకే పోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పటికప్పుడే ఇద్దరం పిన్ని ముందు నిలబడ్డాం. మనిషిని పెట్టమన్నది నేనేనని చెప్పాను. మాష్టారి మాటా, వేళ్ళ సంగతీ చెప్పాను. పిన్ని అంతా విని మా ఆయన వైపు చూసింది.

“ఇదీ నువ్వు చెప్పే అర్థమేనా నాయనా? ఆ రోజు ఇంతకంటే బాగా చెప్పావే.”

ఏం చెప్పినా నమ్మే దారి మేమే మూసేశాం. మాష్టారికి ఫోన్ కలిపి ఆవిడ చేతికిచ్చాను. ఆయన చెబుతున్నంతసేపూ వింది. మధ్యలో దుప్పటి అంచు వదులు చేసి, బాబాయి చేతిని బయటికి తీసి, తన ఒళ్ళో పెట్టుకుంది. బాబాయి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కొంగుతో తుడిచింది.

ఫోన్ నాకు తిరిగి ఇచ్చేస్తూ అంది:

“అయితే నాకూ రాయలేదన్నమాట.”

అర్థాలు చెప్పేవాళ్ళం ఇద్దరం అక్కడే ఉన్నాం.