పడవ లేని ఇన్‌స్పెక్టరమ్మ

చేపల ఇన్‌స్పెక్టరు డయానాకి ప్రభుత్వం మూడు మండలాల కృష్ణానదిని అప్పగించింది, పడవ మాత్రం ఇవ్వలేదు. పడవ అడిగితే బడ్జెట్ లేదన్నారు. పోనీ డీజిల్ ఇవ్వండంటే, పడవే లేనప్పుడు డీజిల్ దేనికన్నారు.

ఈ సంగతి అమలమ్మకి తెలుసు. ఆమె మొగుడు మరియదాసు పట్టిన చేపల్ని కంకిపాడులో అమ్మేది ఆమే. నెల రోజులుగా ఏటి మధ్య లంక వెనకాల ఎవరో అలివి వల లాగుతున్నారు. దోమతెర లాంటి వల, వేలెడు చేపపిల్లని కూడా వదలదు. చట్టం వద్దన్న వల. ఇప్పుడు పిల్లలు పోతే చలికాలానికి అమలమ్మ గంపలోకి చేప రాదు. డయానా మూడుసార్లు దాడికెళ్లింది. మూడుసార్లూ కొంగలే కనిపించాయి.

"మేడంగారూ, మీకు పడవ ఎవరిస్తన్నారండీ?" అనడిగింది అమలమ్మ.

"చేపలోళ్ల సంఘం ప్రెసిడెంటు జయపాల్‌గారమ్మా. ముందురోజు ఫోన్ చేస్తే చాలు, అద్దె కూడా తీసుకోరు."

"ఎందుకు తీసుకుంటాడండీ! ఆ వల ఆయన బామ్మర్దిదేగా!"

డయానా మొహం ఎర్రబడింది. "మరి నాకు పడవెక్కడిది?"

"మాదుంది. ఫోన్ మాత్రం చెయ్యమాకండి."

మర్నాడు తెల్లారగానే మరియదాసు తెడ్డేశాడు, అమలమ్మ పడవ ముందు కూర్చుంది. డయానా తలమీద కొంగేసుకుని, ఒళ్లో గంప పెట్టుకుని ఆమె వెనక కూర్చుంది. లంక మలుపు తిరిగేసరికి నలుగురు మోకాల్లోతు నీళ్లలో వల లాగుతున్నారు. ముందున్నవాడే జయపాల్ బామ్మర్ది అంతోని.

"ఏంటక్కా, పొద్దున్నే చుట్టాన్ని తీసుకొచ్చావా?"

"అవున్రా, నిన్ను చూడాలంటేనూ!"

డయానా కొంగు తీసి లేచి నిలబడింది. పడవ ఊగింది.

"మేడం! మీకు పడవ లేదుగా!" అన్నాడు అంతోని, నోరు తెరిచి.

మిగతా ముగ్గురూ వల వదిలేసి ఒడ్డుకి పరిగెత్తారు. వాడొక్కడే తాడు పట్టుకుని నిలబడిపోయాడు. డయానా వాడి పేరు, ఊరు రాసుకుంది.

అమలమ్మ, మరియదాసు వల మూతి విప్పి నీళ్లలోకి వంచారు. తళతళలాడుతూ పిల్లలు జారిపోయాయి, వేలకు వేలు. అమలమ్మకి కడుపు నిండినట్టయింది.

ఆమె పడవ ఇచ్చినంత మాత్రాన సర్కారు తప్పు ఒప్పైపోదు. ఆ మాట ఆమే అంది:

"రిపోర్టులో మా పడవ పేరు కూడా రాయండి మేడంగారూ. పైవాళ్లు చదివి కాస్త సిగ్గుపడతారు."

డయానా నవ్వింది. రాసింది కూడా. తడి వలని అంతోని చేతే పడవలోకి ఎత్తించింది.