రెండో ట్రిప్పు

పంపుహౌసు పైపును ట్యాంకరు మూతలోకి దించి, అది జారిపోకుండా మోకాలితో నొక్కిపట్టి, అతను బండి పైన గొంతుక్కూర్చున్నాడు. లోపల నీళ్ళు పడే చప్పుడు మొదట రేకు మీద రాళ్ళు పోసినట్టు ఉంటుంది, తర్వాత వానలా ఉంటుంది, చివరికి ఎవరో దాహంగా గుటకలు మింగుతున్నట్టు వినిపిస్తుంది. గుటకలు మొదలవగానే కిందికి కేకేయాలి. అతను కాస్త ముందే కేకేస్తాడు, పొర్లిపోతాయేమోనని భయం.

ఊరంతా అతన్ని నిదానం అంటుంది. వరస కలుపుకునేవాళ్ళు నిదానం బాబాయి అంటారు. అసలు పేరు గుర్తింపు కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. యాభై దాటిన మనిషి. స్టీరింగు తిప్పీ తిప్పీ అరచేతులు కాయలు కాశాయి. వెనకనుంచి ఎవరో కొట్టబోతున్నట్టు మెడ ఎప్పుడూ భుజాల్లోకి ముడుచుకునే ఉంటుంది.

యుద్ధానికి ముందు బస్సు నడిపేవాడు. ఎదురుగా లారీ వస్తే చాలు, బస్సును పక్కకు దించి ఆపేసేవాడు. "దిగి నడిస్తే ముందు చేరతాం" అని ప్రయాణికులు ఆటపట్టించేవారు. అతనికి కుక్కలంటే భయం, ఉరుములంటే భయం, కుర్చీలో కూర్చున్న ఏ మనిషన్నా భయం. పెళ్ళయిన కొత్తలో భార్య విసిగిపోయి, "నాతో పోట్లాడ్డానిక్కూడా ధైర్యం చాలదా మీకు?" అంది. చాలదన్నట్టు తల ఊపాడు. ఆమెకు నవ్వాగలేదు. పిల్లల్లేని ఆ ఇంట్లో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటారు.

పరాయి సైన్యం వచ్చాక ఆ దారిలో బస్సులు ఆగిపోయాయి. ఊరవతల సైన్యం వేసుకున్న శిబిరంలో బోరు నీళ్ళు ఉప్పుకషాయం. అలా ఈ నీళ్ళ బండి అతని చేతికొచ్చింది. శిబిరానికి పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు. నడుమ తమ వీధికి.

పంపుహౌసు గదిలో రేడియో మోగుతోంది. ఎక్కడో పెద్ద నగరంలో నెలల తరబడి సాగిన చర్చలు ముగింపుకొచ్చాయట. సైన్యం విడతల వారీగా వెళ్ళిపోతుందట, చుట్టుపక్కల దేశాలు హామీ ఉంటాయట, సాయంత్రం సంతకాలట.

"ప్రాంతీయ భద్రత, ప్రాంతీయ భద్రత అని పొద్దుటినుంచీ చెవులు తినేస్తున్నారు. అంటే ఏంటో తెలుసా బాబాయ్?" అన్నాడు పంపు ఆపరేటరు, కిటికీలోంచి తల బయటపెట్టి. "ప్రాంతం భద్రంగా ఉంటుంది. మన సంగతి అందులో రాయలేదు."

నిదానం నవ్వాడు. గుటకల చప్పుడు విని కేకేశాడు. మూత బిగించి, నిచ్చెన మీదుగా ఒక్కో మెట్టూ తడిమి చూసుకుంటూ కిందికి దిగాడు. బండి నీడలో ఒకతను నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. బ్యాంకులో పనిచేసేవాడిలా ఉన్నాడు.

"బాగున్నావా బాబాయ్? పిన్నికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?"

ఆ మొహాన్ని అతను ఇంతకు ముందెప్పుడూ చూడలేదు. "తగ్గింది బాబూ" అన్నాడు.

"మంచిది. మధ్యాహ్నం ట్రిప్పు నువ్వు వెళ్ళొద్దు. నీళ్ళు నింపుకుని పాత ఇటుకబట్టీ దగ్గర ఆపు. తాళం బండికే ఉంచి ఇంటికెళ్ళి పడుకో. మిగతాది మావాళ్ళు చూసుకుంటారు."

కొండల్లోంచి సైన్యంతో పోరాడేవాళ్ళలో ఒక వర్గానికి ఈ ఒప్పందం ఇష్టం లేదని అందరూ అనుకుంటున్నదే. "వాళ్ళు వెళ్ళిపోతున్నారంటగా బాబూ" అన్నాడు నిదానం.

"వెళ్ళేముందు గుర్తుండాలిగా" అన్నాడతను, అదే మెత్తని గొంతుతో. నిదానం భుజం మీద చెయ్యి వేశాడు. "గేటు దగ్గర మావాడొకడు ఉన్నాడు. నువ్వు అక్కడ నోరు విప్పితే ఆ మాట నాకు చేరేలోపే పిన్నికి చేరుతుంది. సరేనా?"

"సరే" అన్నాడు నిదానం. పుట్టినప్పటినుంచీ ఎవరేం చెప్పినా అతను అన్న మాట అదే.

శిబిరానికి దారి పొడుగునా, ఎదురు ఏ బండి వచ్చినా పక్కకు దించి ఆపేశాడు. గేటు దగ్గర రోజూలాగే దింపారు. పరాయి సైనికుడొకడు కర్రకు కట్టిన అద్దాన్ని బండి కిందకు పోనిచ్చి చూశాడు. వాడికి ఈ భాషలో ఒకే ఒక్క మాట వచ్చు. "నీళ్ళు!" అన్నాడు పళ్ళికిలించి. నిదానం నవ్వబోయాడు గాని పెదవులు సాగలేదు.

పక్కన నలుగురున్నారు: ఇద్దరు స్థానిక కాపలావాళ్ళు, చీటీలు రాసే గుమాస్తా, దుబాసీ కుర్రాడు. ఆ నలుగురిలో వాళ్ళ మనిషి ఎవడు? కాపలావాడు అతన్నే చూస్తున్నాడు. గుమాస్తా తలెత్తకుండా రాసుకుంటున్నాడు, అది ఇంకా అనుమానంగా ఉంది.

"ఏంటి బాబాయ్, చెమటలు పట్టేశాయి?" అన్నాడు దుబాసీ కుర్రాడు దగ్గరికొచ్చి.

చెప్పేద్దామనిపించింది. ఆ కుర్రాడి కళ్ళు మంచివే. కానీ ఇస్త్రీ చొక్కా వాడి కళ్ళు కూడా మంచిగానే ఉన్నాయి. "ఎండ" అన్నాడు నిదానం.

వంటశాల వెనక నీళ్ళు వదిలే చోట పక్కింటి వదిన అప్పటికే బిందెలు వరసపెట్టుకుని కూర్చుంది. అక్కడ అంట్లు తోమే ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద. బండి వచ్చిన కాసేపటికి అందరూ కుళాయి చుట్టూ మూగుతారు. వాళ్ళ మాటలూ తోపులాటలూ తీరేసరికి చాలాసేపు పడుతుంది.

"ఏం మరిదీ, వీళ్ళు వెళ్ళిపోతే మన గతేంటి? నువ్వు మళ్ళీ బస్సెక్కుతావు, నేనెవరి అంట్లు తోమను?" అంటూ ఆమె కుళాయి కింద చెయ్యి పెట్టి, నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో చూసింది.

నిదానం ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. బూడిదతో తోమీ తోమీ వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "వదినా, మధ్యాహ్నం..." అన్నాడు.

"ఊఁ, మధ్యాహ్నం?"

ఆమెకు చెబితే ఆమె ఊరుకోదు. గుండెలు బాదుకుంటూ గేటు దాకా పరిగెత్తుతుంది. "మధ్యాహ్నం ఎండ ఎక్కువుంటుంది" అన్నాడు. "ఎప్పుడు తక్కువుంది గనక!" అని ఆమె నవ్వింది.

ఇంటికొచ్చేసరికి భార్య బట్టలారేస్తోంది. "నీ చెల్లెలికి ఒంట్లో బాగోలేదట. ఇప్పుడే బయల్దేరు" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"జీపు డ్రైవరు."

ఆమె తడిబట్ట చేతిలోనే ఉంచుకుని మొగుడి మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో అతను అబద్ధమాడబోయినప్పుడల్లా చెవులు ఎర్రబడతాయి. సంచీలో రెండు చీరలు కుక్కుకుంది. కంచంలో వడ్డించి పెట్టింది. అతను రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు.

జీపు అడ్డా దగ్గర, మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాక ఆమె మెల్లిగా అంది. "మీరూ ఎక్కండి."

అతనికీ ఎక్కాలనే ఉంది. కాళ్ళు జీపు వైపు ఒక అడుగు వేశాయి కూడా. ఎక్కితే బండి పంపుహౌసు ఆవరణలోనే ఉంటుంది. వాళ్ళే వచ్చి తోలుకుపోతారు. కుళాయి చుట్టూ ఆడవాళ్ళు మూగుతారు.

"సాయంత్రానికి వస్తా."

"భయమేస్తోందా?" అంది ఆమె, ఇంకెవరికీ వినపడకుండా.

"ఎప్పుడెయ్యలేదు గనక" అన్నాడు. ఆమె చెయ్యి చాచి అతని చెవిని ఒకసారి పట్టుకుని వదిలేసింది. జీపు వెళ్ళిపోయింది.

రెండోసారి నీళ్ళు నింపుకున్నాక, పంపు ఆపరేటరు భోజనానికి లోపలికెళ్ళడం చూసి, అతను డీజిలు ట్యాంకు మూత తీశాడు. దానిలోకి చుక్క నీరు పోకూడదని వానాకాలమంతా గుడ్డ చుట్టి కాపాడుకున్న మూత అది. బకెట్టు ఎత్తి పోశాడు. సగం నీళ్ళు చెప్పుల మీద పడ్డాయి. సగం లోపలికి పోయాయి. ఇంకో బకెట్టు తెచ్చి పోశాడు. ఇంతవరకూ ఎవరి వస్తువునూ పాడుచెయ్యని మనిషి, మూత బిగిస్తూ బండి ఒంటిని ఒకసారి తడిమాడు.

ఇటుకబట్టీ మలుపు దాకా బండి దగ్గుతూ, ఆగబోతూ వచ్చింది. బట్టీ చాలా ఏళ్ళ కిందటే మూతబడింది. గోడల పక్కన పగిలిన ఇటుకల గుట్టలు. ఇస్త్రీ చొక్కా వాడూ, మరో ఇద్దరూ నీడలో ఉన్నారు. పక్కన చిన్న వ్యానులో తార్పాలిను కప్పిన సరుకేదో ఉంది. నిదానం అటు చూడలేదు.

బండి ఆపాడు. అక్కడ నేల వాలు. గుట్టలోంచి రెండు మంచి ఇటుకలు ఏరి, వెనక చక్రాల కింద ఒక్కోటీ సరిగ్గా ఆనేలా పెట్టాడు.

"ఎందుకు బాబాయ్, వెంటనే తీసేస్తాంగా?"

"వాలుగా ఉంది బాబూ."

మిగతా ఇద్దరూ వ్యానులోని సరుకును ట్యాంకరు దగ్గరకు చేర్చే పనిలో పడ్డారు. నిదానం తలవంచుకుని నడవడం మొదలుపెట్టాడు. పరిగెత్తాలనిపించింది. వెనక ఇంజను తిరిగింది, తెల్లటి పొగ కక్కింది, ఆగింది. మళ్ళీ తిరిగింది, ఆగింది. తర్వాత తాళం తిప్పుతున్న చప్పుడు తప్ప ఏం లేదు.

"బాబాయ్."

గొంతు పెంచి కూడా పిలవలేదు. అతను వెనక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వాడు డీజిలు మూత తీసి, పుల్ల ముంచి చూసి, దాన్ని వేళ్ళతో తుడిచాడు.

"నీళ్ళు."

"అవును బాబూ."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"డబ్బిచ్చారా వాళ్ళు?"

"లేదు బాబూ."

"మరెందుకు?" అతనికి నిజంగానే అర్థం కాలేదు. "నువ్వు ఇంట్లో పడుకుని ఉంటే నీ జోలికెవరూ వచ్చేవాళ్ళు కాదు. ఎందుకు చేశావ్?"

నిదానం ఆలోచించాడు. చెప్పడానికి ఇంకేదైనా ఉందేమోనని వెతుక్కున్నాడు.

"భయమేసింది" అన్నాడు.

ఆ ఇద్దరిలో ఒకడు అతని మోచెయ్యి పట్టుకున్నాడు, ముసలివాణ్ణి రోడ్డు దాటించేవాడిలా. నలుగురూ బట్టీ గోడ వెనక్కి నడిచారు. గోడ మీద వాలిన పావురాలు ఒక్కసారిగా లేచి, గాల్లో చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలాయి. ముగ్గురు తిరిగొచ్చి, సరుకును వ్యానులోకి ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

శిబిరంలో ఆ మధ్యాహ్నం నీళ్ళు రాలేదు. వంటవాళ్ళు తిట్టుకున్నారు. పరాయి సైనికులు మొహాలు కడుక్కోవడానికి లేక సణుక్కున్నారు. "మా మరిది నిదానమే గాని, రాకుండా ఉండే మనిషి కాదు" అని పక్కింటి వదిన ఖాళీ బిందెల మధ్య కూర్చుని గేటు వైపే చూసింది. చీకటి పడకముందే రేడియోలో సంతకాలైన వార్త వచ్చింది. వీధుల్లో జనం ఒకరినొకరు కావలించుకున్నారు. పక్క ఊళ్ళో, చెల్లెలి గుమ్మం దగ్గర, ఒకావిడ వచ్చే ప్రతి జీపు దగ్గరికీ నడిచి వెళ్ళి, లోపలికి తొంగి చూసి, వెనక్కి వచ్చింది.

మర్నాడు పంపుహౌసు వాళ్ళు లారీ తెచ్చి, గొలుసు కట్టి, ట్యాంకరును లాక్కుపోయారు. ఆ వాలు మీద, చక్రాల ఒత్తిడికి కాస్త నేలలోకి దిగి, ఒకదానికొకటి ఎడంగా, రెండు ఇటుకలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.