ఇత్తడి గుర్రం తడిసిన రోజు

పొద్దున్నే వాకిలి ఊడ్చి, బర్రెకు కుడితి పెట్టి, అన్న నర్సింహులు పొలానికి పోయేలోపు జొన్నరొట్టెలు కాల్చి, ఆ తర్వాత చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు కూర్చుంటుంది గంగాబాయి. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. ఎల్లారెడ్డిలో ఆ ఇంటి అరుగు మీద ఆమె చేతులు ఇన్నేళ్లుగా చేస్తున్న పని అది. ఈ ఎండాకాలం మాత్రం దారం కనబడకుండా పోయింది. ముడి వేశాననుకుని వదిలేస్తే బీడీ విచ్చుకునేది. కార్ఖానాలో కట్టలకు కట్టలు తిప్పి పంపారు.

"కామారెడ్డి రా అత్తా, కండ్ల డాక్టరుకు చూపిస్త" అని ఫోన్ చేసింది నిహారిక.

నిహారిక నర్సింహులు కూతురు. కామారెడ్డి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. తల్లి పోయేనాటికి ఆ పిల్ల రెండో తరగతి, తమ్ముడు శ్రావణ్ ఇంకా చంక దిగలేదు. ఇద్దరినీ పెంచింది మేనత్తే. ఇప్పుడు శ్రావణ్ కూడా హాస్టల్లో ఉండే చదువుతున్నాడు. గంగాబాయికి తన కడుపున పిల్లలు లేరు. మొగుడు బాలమల్లు ఉన్నాడు గానీ, ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

డాక్టరు కళ్లు చూసి దగ్గరి చూపు మందగించిందన్నాడు. కళ్లద్దాలు మధ్యాహ్నం దాటితే గానీ తయారు కావన్నారు. బయట ఎండ మండిపోతోంది.

"ఏడ కూసుందాం బిడ్డా?" అంది గంగాబాయి.

"మ్యూజియంకి పోదాం. పైసలు అడగరు. ఫ్యాన్లు గూడ ఉంటయి."

అది స్టేషన్ రోడ్డు వెనక సందులో ఓ పాత బంగ్లా. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి వైద్యం చేసిన ఓ పెద్ద డాక్టరు, తనకు నచ్చిన పాత వస్తువులనూ పటాలనూ పోగేసి, చనిపోయే ముందు అందరూ చూసుకోండని వదిలిపోయాడు. లోపలికి అడుగుపెట్టగానే గంగాబాయికి చల్లగా తగిలింది. ఫ్యాన్ల గాలి కాదు. గుమ్మం పక్కన ఎక్కడో చలి కొండల నుంచి తెచ్చిన ఒక రాతి సింహం మంచు పట్టినట్టు చల్లగా ఉంది. దాని కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టారు.

అక్కడి వస్తువులన్నీ అంతే. ఏ ఊరి నుంచి వచ్చిన వస్తువుకు ఆ ఊరి వాతావరణమే. బిచ్కుంద వైపు నుంచి వచ్చిన జైన విగ్రహాన్ని ఈ నెలలో ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పిట్లంలో ఉక్కపోస్తే, అక్కడి బడిపంతులు గీసిన పటాలకు అద్దాల లోపల చెమట పడుతుంది. అందుకే వస్తువులను పెట్టెల్లో మూసిపెట్టరు, బల్లల మీద తెరిచే ఉంచుతారు. కాపలా ఉండే లింబాద్రికి సగం పని తుడవడమే. బడిపిల్లలను తీసుకొచ్చిన పంతుళ్లు "కింద తడి ఉంది, చూసి నడువుండ్రి" అని చెప్పి ముందుకు పోతుంటారు.

"నేను చిన్నప్పుడొకసారి వచ్చిన ఈడికి" అంది నిహారిక, పటాల గదిలో తిరుగుతూ. "బాపు తోలుకొచ్చిండు. డాక్టర్ తాత నాకు రంగు పెన్సిళ్లు ఇచ్చిండు. అప్పట్నుంచే బొమ్మలంటే పిచ్చి నాకు."

"మీ బాపు ఎన్నడు చెప్పలే" అంది గంగాబాయి. చెప్పాల్సినంత సంగతి కాదు గదా అనుకుంది.

వెనక గదిలో లింబాద్రి బకెట్టు పట్టుకుని ఒక బల్ల ముందు నిలబడి ఉన్నాడు. బల్ల మీద ఇత్తడి గుర్రం, దాని మీద కత్తి పట్టుకున్న మల్లన్న. గుర్రం నిలువెల్లా నీళ్లు కారుతోంది. జూలు మీద చినుకులు పడి చిట్లుతున్నాయి. పైన కప్పు మాత్రం పొడిగా ఉంది.

"విచిత్రం గాదమ్మా" అన్నాడు లింబాద్రి. తడవడం గురించి కాదు ఆయన అంటున్నది. "ఇది బీబీపేటదని రాసుంది. బీబీపేటల రాళ్లవాన పడ్డ దినం గూడ దీనికి చుక్క అంటలే. ఇయ్యాల బీబీపేటల ఎండ కొడుతుందట, ఇప్పుడే మా తమ్ముణ్ని అడిగిన. ఇదేమో గిట్ల నానుతుంది. ఇచ్చినాయన ఊరు తప్పు చెప్పిండు."

గంగాబాయికి గుర్రం మసక మసకగా కనిపించింది. చెయ్యి చాపింది. లింబాద్రి వద్దనలేదు. వేళ్లు మల్లన్న పాదాలను, జీనును, నడుమును తడిమి తోక దగ్గర ఆగాయి. తోక ఎడమకు వంగి ఉంది. చిన్నప్పుడు పండుగకు చింతపండుతో తోముతూ బండ మీద జారవిడిచింది తనే. నాయన కొట్టలేదు. "మల్లన్న గుర్రం ఈగలు తోలుకుంటుంది తియ్" అని నవ్వాడు.

అప్పుడే ఫోన్ మోగింది. నర్సింహులు.

"గంగా, ఈడ వాన దంచుతుందే. కల్లంల వడ్లన్ని తడుస్తున్నయి. పరదాలు ఏడ పెట్టినవ్?"

ఆమె వేళ్ల మీదుగా నీళ్లు మోచేతి దాకా కారాయి.

"కొట్టంల, గడ్డిమోపు ఎనక" అంది.

"సరే సరే" అని అతను పెట్టేశాడు.

ఆ గుర్రం ఇంట్లోంచి మాయమైన రోజులు ఆమెకు కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయి. వదిన చనిపోయి ఏడాది కూడా నిండలేదు. పిల్లలను చూసుకోవడానికి వచ్చిన గంగాబాయిని తీసుకుపోదామని పిట్లం నుంచి బాలమల్లు వచ్చాడు. భీమండిలో బట్టలు నేసే సాంచెల మీద పని దొరికిందనీ, ఒక గది కూడా చూశాననీ సంబరంగా చెప్పాడు. మూడు పూటలు తిన్నాడో లేదో, దేవుడి గూట్లో గుర్రం లేదు. బాలమల్లు తీశాడని నర్సింహులు నలుగురిలో నిలబడి చెప్పాడు. బాలమల్లు మల్లన్న మీద ఒట్టు పెట్టాడు, పోయిన తల్లి మీద పెట్టాడు. గంగాబాయి అతని సంచి తీసుకెళ్లి గేటు బయట పెట్టింది. దేవుణ్ని అమ్ముకున్నోడితో కాపురం చెయ్యనంది. నర్సింహులు ఆమె తల మీద చెయ్యి వేసి "నేనున్న గద" అన్నాడు. ఆ చేతిని తలుచుకునే ఇన్నేళ్లు బతికింది.

"ఇది ఎవరు తెచ్చిచ్చిన్రు?" అని లింబాద్రిని అడిగింది.

"నేను రాకముందటి ముచ్చటమ్మా. డాక్టర్ సారే తీసుకున్నడు."

నిహారిక గుర్రాన్ని చూడటం లేదు. తన రెండు చేతులనూ చూసుకుంటోంది.

"అత్తా" అంది. "ఆ దినం బస్సుల బాపు నా ఒళ్లో ఒక సంచి పెట్టిండు. కాళ్లు తిమ్మిరెక్కినయి, తియ్యమంటే పట్టుకో పట్టుకో అన్నడు. ఈడికొచ్చినంక ఆ తాతకు ఇచ్చిండు. నేను పెన్సిళ్లు చూసుకుంట కూసున్న."

గంగాబాయి ఆమె చేతులు పట్టుకుంది. ఈ చేతులకే అన్నం ముద్దలు పెట్టింది, అక్షరాలు దిద్దించింది. తన కాపురాన్ని మోసుకొచ్చి ఇక్కడ దించినవి కూడా ఇవే.

"నువ్వు సంచి పట్టుకున్నవ్. అంతే" అంది. నిహారిక ఏడుస్తుంటే కొంగుతో తుడిచింది. తనకు మాత్రం కన్నీళ్లు రాలేదు.

అద్దాలు తీసుకుని బస్సెక్కింది. ఎల్లారెడ్డిలో దిగేసరికి వాన వెలిసి నీరెండ పడుతోంది. ఇంటికి పోకుండా నేరుగా కల్లం దగ్గరికి నడిచింది. నర్సింహులు ఒక్కడే తడిసిన వడ్లను చెక్కపారతో పలచగా పరుస్తున్నాడు.

"అద్దాలు మంచిగున్నయి" అన్నాడు తలెత్తి.

"అన్నా, గుర్రాన్ని చూసొచ్చిన."

పార ఆగింది. ఏ గుర్రం అని అతను అడగలేదు.

"ఎవరు చెప్పిన్రు?"

"నువ్వే. వాన పడుతుందని ఫోన్ జేసినవ్ గద."

నర్సింహులు పార కర్ర మీద గడ్డం ఆనించి కిందికి చూశాడు. మ్యూజియం వస్తువుల సంగతి ఊళ్లో తెలియనిది కాదు. అతను గుర్రం ఇచ్చిన రోజుల్లో మాత్రం అదొక డాక్టరు ఇల్లు.

"పైసలు తీసుకోలే" అన్నాడు. "డాక్టరు ఇస్తనన్నా ఒక్క పైస ముట్టలే."

"మరెందుకిచ్చినవ్?"

"పిల్లలిద్దరు గట్ల ఉండిరి. చిన్నోడు నీ కొంగు ఇడువకపోతుండె. నువ్వు భీమండి పోతే నేనేం జేద్దును?"

"అడిగితే ఉందును గద అన్నా."

అతను పార అంచుతో వడ్లను కెలికాడు.

"ఒక్కసారి అడుగుతే అయిపోతుండె. ఆయనకు గూడ చెప్పి ఉంచుదును. ఈడనే ఏదన్న పని చేసుకుంటుండె."

"కొన్ని దినాలు ఉంటవు. మల్ల వచ్చి తోలుకపోతడు" అన్నాడు నర్సింహులు. "నీకే మనసు ఇరుగుతే..."

మాట పూర్తి చేయలేదు. ఆమెకు పూర్తిగానే అందింది. తనను ఎవరూ కట్టేసి ఉంచలేదు. తన చేతులతోనే తన గేటు మూయించాడు. ఆపైన తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఇప్పుడు పార కర్ర మీద ఉంది, వేళ్ల సందుల్లో వడ్ల పొట్టు. జాలి పడదామని చూసింది. రాలేదు.

వడ్లు అలాగే వదిలేస్తే మొలకెత్తుతాయి. గంగాబాయి ఇంకో పార తీసుకుని అవతలి వైపు నుంచి పరచడం మొదలుపెట్టింది. పొద్దుగూకే వరకు ఇద్దరూ పని చేశారు.

తెల్లారి రొట్టెలు కాల్చలేదు. రెండు చీరలు, చాట, కత్తెర సంచిలో పెట్టుకుని బాన్సువాడ బస్సెక్కింది. అక్కడ మారి పిట్లంలో దిగింది. బాలమల్లు భీమండిలో ఇమడలేక తిరిగొచ్చి రైసుమిల్లులో హమాలీ చేస్తున్నాడని ఎప్పుడో విన్నది. విన్నా ఎన్నడూ ఇటు తిరిగి చూడలేదు.

అతను లారీ మీద నుంచి బస్తా వీపుకెత్తుకుని వస్తూ ఆమెను చూశాడు. జుట్టు సగం నెరిసింది. ఆగకుండా లోపలికి పోయి బస్తా దించి, తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"అన్న పోయిండా?" అన్నాడు. ఆమె రావడానికి అంతకంటే కారణం అతనికి తోచలేదు.

"లేదు, మంచిగనే ఉన్నడు. గుర్రం దొరికింది. అన్ననే ఇచ్చిండు, కామారెడ్డి మ్యూజియంల. నిన్న ఎల్లారెడ్డిల వాన పడితే తడిసింది."

బాలమల్లు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. అతని ముఖంలో సంతోషం కనబడలేదు.

"నేను మల్లన్న మీద ఒట్టు పెట్టిన. మా అవ్వ మీద పెట్టిన. నువ్వు నమ్మలే" అన్నాడు. "వాన చెప్తే నమ్మినవ్."

"అవ్" అంది గంగాబాయి. ఇంకేమన్నా అబద్ధమే అవుతుందని తెలుసు.

అతను మళ్లీ లారీ దగ్గరికి పోయాడు. ఆమె మిల్లు గోడ నీడలో కూర్చుంది. అతను పొమ్మనలేదు, ఉండమనలేదు. లారీ ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. వచ్చి ఆమె సంచి వైపు చూశాడు, చాట అంచు పైకి కనిపిస్తోంది.

"యాదవ్వ ఇంట్ల ఒక అర్ర ఖాళీగ ఉంది. అడుగుదాం పా" అన్నాడు. తన ఇంటికి రమ్మనలేదు. ఆమె కూడా ఆ ఆశతో లేవలేదు.

యాదవ్వ ముసలామె. వాకిట్లో మిరపకాయలు ఎండబెడుతోంది. గంగాబాయిని కింది నుంచి పైకి చూసింది.

"ఎవరు బాలమల్లూ ఈమె?"

"ఎల్లారెడ్డి నుంచి వచ్చింది. గంగాబాయి" అన్నాడతను. అంతకుమించి చెప్పలేదు.

"ఎన్ని దినాలుంటది?"

బాలమల్లు గంగాబాయి వైపు తిరిగాడు. మిల్లు దగ్గర చూసిన చూపు కాదది. ఏమంటుందోనని చూస్తున్నాడు.

"ఉందామనే వచ్చిన" అంది గంగాబాయి.

యాదవ్వ లోపలికి పోయి తాళంచెవి తెచ్చింది. ఊళ్లో తెలిసిన మనిషి కదా అని బాలమల్లుకే అందించింది. అతను చెయ్యి చాపలేదు. ఒక అడుగు పక్కకు జరిగాడు.

గంగాబాయి ముందుకొచ్చి తాళంచెవి తీసుకుంది.