ఫిర్మెన్ కుడిచెయ్యి

మాంటే కార్లో జూదశాలలో రూలెట్ చక్రం తిప్పి, దాని అంకెల గుంటల్లోకి గోళీ విసిరే ఫిర్మెన్ ఒబ్రాక్‌కు తన కుడిచేతి మీద వల్లమాలిన గర్వం. ఉండదూ మరి! పారిస్‌లో ఎవరో పండితుడు ఆగకుండా తిరిగే యంత్రం చేయబోయి బోల్తా పడితే, మిగిలిన చక్రమే ఈ ఆటగా మారిందని వాళ్ల తాత చెప్పేవాడు. నిజమో, కోతలో! ఆ తాత పారిస్‌లోనే చక్రం తిప్పాడు. అక్కడ జూదశాలలు మూయించేశాక, ఆయన కొడుకు, అంటే ఫిర్మెన్ తండ్రి, చక్రం వెంటే జర్మనీ పోయి, రెండు సున్నా గుంటల్లో ఒకటి తీసేసిన కొత్త చక్రం తిప్పాడు. అక్కడా నిషేధం పెట్టేసరికి ఫిర్మెన్ ఈ సముద్రపు ఒడ్డుకు చేరాడు. ఊళ్లు మారాయి గానీ ఆ ఇంటి చెయ్యి మారలేదు. ఎప్పుడు చూసినా అదే ఊపు, అదే విసురు.

ఆ వసంతంలో ఒక రష్యన్ వితంతువు రోజూ మధ్యాహ్నం అతని బల్ల దగ్గరే కూర్చుని గెలుచుకుపోసాగింది. పర్యవేక్షకుడు రెబుఫా చక్రం మార్పించాడు, రసమట్టం పెట్టి బల్ల సరిచూశాడు. లాభం లేకపోయింది. ఫిర్మెన్ జ్వరమొచ్చి రాని రోజున మాత్రం ఆవిడ ఓడింది. ఇంకేముంది, ఇద్దరూ కూడబలుక్కున్నారని లోకం కోడై కూసింది. పరువూ, మూడు తరాల కొలువూ ఒక్కసారే పోయేలా ఉన్నాయి. ఫిర్మెన్‌కు తిండి సహించలేదు.

రెబుఫా ఒకప్పుడు అతని దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఒక పొద్దున హాలు తెరవకముందే గురువును పిలిచి, గోళీ విసరమన్నాడు. మళ్లీ విసరమన్నాడు, మళ్లీ మళ్లీ విసిరించాడు. ప్రతిసారీ అది, కిందటిసారి పడిన గుంటకు సరిగ్గా ఎదుటివైపునే పడింది.

"మీరు దొంగ కాదు మాస్టారూ. మీ చెయ్యే మరీ బుద్ధిమంతురాలు. ఆవిడ దాని పోకడ కనిపెట్టేసింది," అన్నాడు రెబుఫా. కాస్త అటూ ఇటూగా విసరమని బతిమాలాడు.

ప్రయత్నించాడు, పాపం. వేగం పెంచబోతే వేళ్లే దాన్ని సర్దేశాయి, తగ్గించబోయినా అంతే. చివరికి ఒళ్లుమండి ఎడమచేత్తో విసిరాడు. గోళీ గట్టు దాటి ఎగిరి, నేల మీద పడి, కుర్చీల కిందికి దొర్లింది. పెద్దమనిషి మోకాళ్ల మీద పాకి వెతుక్కున్నాడు. తర్వాతి విసుర్లలో దేనికీ దేనికీ పొంతన లేదు.

రెబుఫా మొహం వెలిగిపోయింది. "అద్గదీ! ఇకనుంచి ఆ చేత్తోనే కానివ్వండి."

ఇంట్లో శనగపిండి అట్టు వేస్తున్న భార్య దెల్ఫీన్, కొలువు ఉందా ఊడిందా అని అడిగింది. ఉందన్నాడు. దొంగ అన్న మాటో అంటే, అదీ పోయిందన్నాడు.

"మరి ఆ మొహం ఏంటయ్యా? పీడా వదిలింది, కూర్చుని తిను."

"నాకు పని చేతకానంత కాలమే ఉంచుతారటే దెల్ఫీన్," అని, ఫిర్మెన్ పెళ్లాం ముందు మొదటిసారి ఏడ్చాడు.